ఎక్కడిదిగారూ, తడిసిన నైలానూ

మా ఎక్కడిదిగారికి ఒకటే జబ్బు. ఎవరైనా ఒక అంకె చెబితే, అది ఎక్కడినుంచి వచ్చిందో తేలేదాకా ఆయనకు ముద్ద దిగదు. అంకె తప్పా ఒప్పా అన్నది తర్వాతి సంగతి. ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు కావాలి. ఎవరు కొలిచారు, దేనితో కొలిచారు, ఎప్పుడు కొలిచారు, కొలిచేటప్పుడు కిటికీ తెరిచి ఉందా, మూసి ఉందా. టైం ఎంతయిందో చెప్పినా సరే, మీ చేతి గడియారం వంక జాలిగా చూసి, దీన్ని దేన్ని చూసి పెట్టుకున్నారని అడిగేవారు.

ఆయన అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనపడేది కాదు. మేనేజరు దగ్గర్నుంచి గేటు దగ్గర వాచ్‌మన్ దాకా అందరికీ ఆయన ఎక్కడిదిగారే. ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఆ పేరు మొదట ఎవరు పెట్టారో కనుక్కుందామని రెండేళ్లు ప్రయత్నించారట. ముగ్గుర్ని అడిగితే ముగ్గురూ మూడు పేర్లు చెప్పారు. ఆధారాలు చాలవని చెప్పి ఆ విచారణ అక్కడితో ఆపేశారు.

మా స్టోర్సు గుమాస్తాకి కూతురు పుట్టినప్పుడు అతను ఆఫీసంతా స్వీట్లు పంచుతూ, మూడు కిలోల రెండొందలుందని మురిసిపోతూ చెబుతున్నాడు. అందరూ అబ్బో అన్నారు. ఎక్కడిదిగారు స్వీటు చేతిలో పట్టుకుని, నోట్లో పెట్టుకోకుండా, "తువ్వాలుతోనా, తువ్వాలు లేకుండానా?" అన్నారు. గుమాస్తా మొహం తెల్లబోయింది. ఆ సాయంత్రం ఆస్పత్రికి వెళ్లి నర్సుని అడిగితే తువ్వాలుతోనే తూచామంది. తువ్వాలు బరువెంతో ఆవిడకి తెలీదు. మర్నాడు అతను ఆ మాట వచ్చి చెబితే, ఎక్కడిదిగారు ఇంకా లోతుకి వెళ్లి, ఆ తువ్వాలు తడిదా పొడిదా అని అడిగారు. ఆ తర్వాత వారం రోజుల పాటు గుమాస్తా ఆయన ఎదురొస్తే వెనక మెట్ల మీంచి దిగిపోయాడు.

దర్జీ కథ ఇంకా ఘోరం. ప్యాంటు కుట్టించుకోవడానికి వెళ్లి, దర్జీ నడుం కొలత చెప్పగానే ఈయన సంచీలోంచి తన ఉక్కు టేపు తీశారు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, పదిహేనేళ్లుగా లాగి లాగి దర్జీ గుడ్డ టేపు అరంగుళం సాగిపోయి ఉంది. దర్జీ పాపం నిజాయితీపరుడు. సిగ్గుపడి అప్పటికప్పుడు కొత్త టేపు కొన్నాడు. కానీ అప్పటికే ఇరవై మంది కొలతలు పాత టేపుతో తీసి పుస్తకంలో రాసుకుని ఉన్నాడు. గుడ్డ మాత్రం కొత్త టేపుతో కత్తిరించాడు. ఆ నెలలో ఆ వీధిలో ఇరవై మంది మగవాళ్లు ఊపిరి బిగబట్టుకుని తిరిగారు. పాత టేపుతోనే కొలిచి పాత టేపుతోనే కత్తిరిస్తే ఏ గొడవా లేకపోయేది కదా అని దర్జీ మొత్తుకుంటే, ఎక్కడిదిగారు అతని భుజం తట్టి, ఆ మాట మా కుర్రాళ్లకి వచ్చి చెప్పవయ్యా అని ఆఫీసుకి పిలిచారు.

ఇంట్లో ఆవిడ ఈ జబ్బుకి ఎప్పుడో మందు కనిపెట్టింది. అంకెలు మాట్లాడ్డం మానేసింది. "కొంచెం", "కాసేపట్లో", "బోలెడు" — ఈ మూడు మాటలతో ఇరవై ఏడేళ్లు సంసారం నడిపానని నాతో ఓసారి చెప్పింది. చెప్పి, నాలుక కరుచుకుని, ఇరవై ఏడు అన్నానని ఆయనతో అనకమ్మా అని బతిమాలింది.

ఇదంతా ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆయన చేతిలో పడ్డప్పుడు నేను నవ్వలేదు. ఏడ్చాను. ఆఫీసు బాత్‌రూములో ఏడ్చాను, బస్సులో ఏడ్చాను, ఓసారి జిరాక్సు మిషను మీద తలపెట్టి ఏడిస్తే అది నా నుదుటిని నాలుగు కాపీలు తీసింది.

నా పరిస్థితి అలాంటిది మరి. అది నాకు మూడో ఉద్యోగం. మొదటి కంపెనీ నేను చేరిన నాలుగో నెలలో మూతపడింది. రెండో కంపెనీ వాళ్లు ఆర్నెల్లు చూసి, నాకు తొందరెక్కువని ఓ ముక్క రాసి పంపించేశారు. ఈ మూడోదాంట్లోనూ ఆర్నెల్లు పరీక్ష కాలం. అది గట్టెక్కితేనే ఉద్యోగం నాది. గట్టెక్కకపోతే ఇక నన్ను పిలిచే కంపెనీ ఉండదని నాకు బాగా తెలుసు. మా అమ్మకి మాత్రం ఈ బెంగేమీ లేదు. నేను చేరిన రోజే మా బిల్డింగులో నాలుగు అంతస్తుల వాళ్లకీ, మా అమ్మాయికి పర్మనెంటు అయిపోయిందని చెప్పేసింది. ఇదేం పనే అంటే, వాళ్లేమన్నా కాగితం అడుగుతారా ఏంటి అంది.

మాది కుర్చీల కంపెనీ. సోఫాలూ అవీ కాదు. ఆస్పత్రులకీ, నడవలేని పెద్దవాళ్లకీ కావలసిన కుర్చీలు, మంచాలు, చేతికర్రలు. వస్తువు తయారు కాకముందే కంప్యూటర్లో దాని బొమ్మ గీసి, ఆ బొమ్మ మీద ఓ బరువైన మనిషిని కూర్చోబెట్టి, నిలుస్తుందో కూలుతుందో చూడటం నా పని. దాన్నే సిమ్యులేషన్ అంటాం. కంప్యూటరంత అమాయకురాలు ఈ లోకంలో ఇంకొకటి లేదు. ఏ అంకె ఇస్తే దాన్ని నమ్ముతుంది. ఇనుము మైనం కన్నా మెత్తన అని చెప్పినా సరేనంటుంది. వస్తువు ఎంత బిగువుగా ఉంటుందో, ఎంత బరువుకి ఎంత వంగుతుందో చెప్పే అంకెని మేం మాడ్యులస్ అంటాం. అది పెద్దదైతే వస్తువు గట్టిగా నిలబడుతుంది, చిన్నదైతే వంగిపోతుంది. లెక్కంతా ఆ ఒక్క అంకె మీదే కూర్చుని ఉంటుంది.

ఆర్నెల్లలో చివరి నెల మొదలవుతుండగా నాకు అప్పగించిన పని, పెద్దవాళ్లు కూర్చుని స్నానం చేసే కుర్చీ. నాలుగు కాళ్లూ అల్యూమినియం గొట్టాలు. ఆ కాళ్లని సీటుకి పట్టి ఉంచేవి నాలుగు నైలాను బ్రాకెట్లు. మూడు రోజుల్లో పని ముగించేశాను. బొమ్మలో ప్రమాదం ఉన్నచోట ఎర్రగా, లేనిచోట నీలంగా వస్తుంది. నా కుర్చీ పైనుంచి కిందిదాకా నీలం. ఒకటో తారీఖు పొద్దున్నే రిపోర్టు అచ్చుతీసి, గాల్లో తేలుతూ ఎక్కడిదిగారి దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన సంతకం లేకుండా రిపోర్టు గుమ్మం దాటదు.

నీలం బొమ్మ వంక ఆయన కన్నెత్తి చూడలేదు. మా రిపోర్టుల్లో ప్రతి అంకె పక్కనా "ఆధారం" అని ఒక గడి ఉంటుంది. అది ఆయన పట్టుబట్టి పెట్టించిందే. నేరుగా ఆ గడి మీద వేలు పెట్టారు.

"నైలాను మాడ్యులస్ మూడు వేలు. ఎక్కడిదమ్మా ఇది?"

"నెట్‌లో చూశాను సార్."

"నెట్‌లో ఎవరు కొలిచారు?"

ఏడు వెబ్‌సైట్లలో చూశాననీ, ఏడింట్లోనూ ఇదే అంకె ఉందనీ గర్వంగా చెప్పాను. ఆయన తల పంకించారు.

"ఏడుగురు కొలిస్తే ఏడు అంకెలు రావాలి. ఒకటే వచ్చిందంటే కొలిచింది ఒక్కరే. మిగతా ఆరుగురూ చూసి రాసుకున్నారు. ఆ ఒక్కరెవరో కనుక్కురా."

ఇంతే. రిపోర్టు నా చేతిలో పెట్టేశారు. పొద్దున పది గంటలకి మొదలైన నా పతనం మూడు వారాలు సాగింది.

వెనక్కి వెళ్లి ఆ ఏడు వెబ్‌సైట్లూ మళ్లీ తెరిచాను. ఈసారి కళ్లు పెట్టుకుని చూస్తే, మూడు వేలు పక్కన చిన్న నక్షత్రం గుర్తు ఉంది. నక్షత్రం ఉందంటే కింద దాని వివరణ ఉండాలి కదా. కిందికి వెళ్లాను. వివరణ లేదు. జుట్టు రాలుతోందా అని ఓ ప్రకటన ఉంది. రెండో దాంట్లో చూశాను. నక్షత్రం ఉంది, వివరణ లేదు, జుట్టు ప్రకటన ఉంది. ఏడింట్లోనూ అంతే. ఆ మహానుభావులు నక్షత్రంతో సహా ఎత్తి రాసుకుని, వివరణ మాత్రం ఎక్కడో పారేసుకున్నారు. సాయంత్రానికి నాకు నిజంగానే జుట్టు రాలడం మొదలైంది.

మా ఆఫీసు లైబ్రరీలో రెండు లావుపాటి పుస్తకాలున్నాయి. ఎత్తితే నడుం పట్టేసే రకం. మొదటిదాంట్లో నైలానుకి మూడు వేలు అని వేసి, ఇది రెండో పుస్తకం నుంచి తీసుకున్నామని రాశారు. ప్రాణం లేచొచ్చింది. రెండోది తీశాను. మూడు వేలు, ఇది మొదటి పుస్తకం నుంచి తీసుకున్నామని ఉంది. రెండింటినీ ఎదురెదురుగా తెరిచి పెట్టి, చాలాసేపు వాటి మధ్య కూర్చున్నాను.

నైలాను అమ్మే కంపెనీకి ఫోన్ చేస్తే, సేల్సాయన ఎంతో మర్యాదగా రంగురంగుల కరపత్రం పంపాడు. పైన నవ్వుతున్న బామ్మగారి ఫొటో, మధ్యలో మూడు వేలు, అట్టడుగున చీమలంత అక్షరాలతో, ఈ అంకెలు సుమారువి, వీటిని నమ్ముకుని ఎవరూ ఏ వస్తువూ తయారు చేయరాదు అని ఉంది. మళ్లీ ఫోన్ చేసి, నమ్మకూడనివి ఎందుకు అచ్చేశారండీ అని అడిగాను. అందరూ వేస్తున్నారు కదా మేడమ్ అన్నాడు. అతని గొంతులో ఏ పాపభీతీ లేదు.

రోజూ సాయంత్రం వెళ్లి ఆ రోజు దొరకనివన్నీ ఎక్కడిదిగారికి ఏకరువు పెట్టేదాన్ని. ఆయన శ్రద్ధగా విని, ఓ నల్ల అట్ట నోటుపుస్తకంలో ఏదో రాసుకుని, రేపు ఇంకోచోట చూడమ్మా అనేవారు. నా తప్పులన్నీ రాసుకుంటున్నారని నాకు గట్టి నమ్మకం. ఇంటికెళితే మా అమ్మ. ఇంతకీ ఏం కావాలే నీకు అని అడిగితే, ఒక అంకె కావాలమ్మా అన్నాను. ఏదో ఒకటి నువ్వే వేసెయ్యరాదూ, మీ సారేమన్నా వెళ్లి నైలానుని అడుగుతారా అంది. మా సారు అడుగుతారమ్మా, అదే కదా నా ఖర్మ అన్నాను.

రెండో వారంలో ఒక వెలుగు కనపడింది. ఎవరో ప్రొఫెసరుగారు తడి నైలాను మీద రాసిన పరిశోధన కాగితం. చదివితే నైలాను నీళ్లు తాగుతుందనీ, తాగే కొద్దీ మెత్తబడుతుందనీ, వెచ్చటి నీళ్లలో పెట్టినా నిండా నానడానికి మూడు వారాలు పడుతుందనీ ఉంది. ఎంత మెత్తబడుతుందో చూపించే గ్రాఫు కూడా ఉంది. నిలువు గీత, అడ్డ గీత, మధ్యలో అందమైన వంపు. గీతల మీద అంకెలు మాత్రం లేవు. ప్రొఫెసరుగారికి రాస్తే, ఆయన రిటైరయ్యారనీ, కొలిచింది ఓ విద్యార్థి అనీ జవాబొచ్చింది. ఆ విద్యార్థి ఇప్పుడు ఫొటోగ్రాఫరు. ఫోన్‌లో పట్టుకున్నాను. గుర్తుందండీ, ఒక ముక్క కొలిచాను, రెండో ముక్క టేబుల్ మీంచి కింద పడింది, మళ్లీ దొరకలేదు అన్నాడు. ఆ ఒక్క ముక్కకి ఎంతొచ్చిందని ఆశగా అడిగాను. అది గుర్తులేదు గానీ ఆ ముక్క ఫొటో మాత్రం చాలా బాగా వచ్చింది, పంపమంటారా అన్నాడు. ఫోన్ పెట్టేశాను.

ఇరవై రెండో తారీఖున, ఇక దిక్కులేక, మా ఆఫీసు కింది గదిలో పాత కాగితాల బీరువా తాళం అడిగాను. స్టోర్సు గుమాస్తా నా మొహం చూసి, ఎక్కడిదిగారి పనా అని అడిగి, మారుమాట్లాడకుండా తాళం ఇచ్చాడు. అడుగు అరలో, దుమ్ము కింద, ఎప్పుడో మూతపడిన ఒక నైలాను కంపెనీ కేటలాగు దొరికింది. మూడు వేలు. పక్కన నక్షత్రం. కిందికి చూశాను. వివరణ ఉంది. "అచ్చులోంచి తీసిన వెంటనే, పూర్తిగా పొడిగా ఉన్న ముక్క మీద కొలిచినది. నీళ్లు తగిలేచోట వాడేవారు పద్నాలుగో పేజీలోని అంకె చూడాలి."

పద్నాలుగో పేజీ తీశాను. చెదలు తినేశాయి. పదమూడు బాగుంది, పదిహేను బాగుంది, పద్నాలుగులో మాత్రం పైన కంపెనీ పేరు మిగిలింది.

ఆ దుమ్ములో అలాగే కూలబడిపోయాను. కాసేపటికి అసలు సంగతి బుర్రకెక్కింది. నేను చేసింది స్నానాల కుర్చీ. దాని బతుకంతా నీళ్లలోనే. నా కంప్యూటర్లో ఆ కుర్చీ మీద కూర్చున్న మనిషి ఇంతవరకూ ఒక్క చుక్క నీళ్లు పోసుకోలేదు.

పైకి వెళ్లి ఎక్కడిదిగారి ముందు నిలబడ్డాను. కేటలాగు బల్ల మీద పెట్టి, మూడు వేలు పొడి ముక్కదనీ, తడి ముక్క అంకె ఈ లోకంలో ఎక్కడా లేదనీ చెప్పాను.

"లేదన్నది ఎక్కడిది?" అన్నారాయన.

ఒళ్లు భగ్గున మండింది. మూడు వారాలుగా కడుపులో ఉన్నదంతా కక్కేశాను. మీకేం సార్, మీ ఉద్యోగం ఎక్కడికీ పోదు, నాకు ఇంకా ఎనిమిది రోజులే ఉంది, రిపోర్టు ఇవ్వకుండా వెళ్లి మేనేజరు ముందు కూర్చుంటే నన్ను ఇంటికి పంపుతారు, మా అమ్మ నాలుగు అంతస్తుల్లో తలెత్తుకోలేదు, మీకు అంకెల మీదున్న జాలిలో వీసమెత్తు మనుషుల మీద లేదు అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను. ఆయన చివరిదాకా విని, ఒక తెల్ల కాగితం నా ముందుకి తోశారు.

"ఎక్కడెక్కడ వెతికావో రాయి. లేదనడానికి కూడా ఆధారం ఉండాలి కదమ్మా."

పళ్లు కొరుక్కుంటూ రాశాను. నలభై ఒక్క చోట్లు తేలాయి. ఆయన ఒక్కొక్కటీ చదివి, కింద సంతకం పెట్టారు. ఇక మనమే కొలవాలి అన్నారు. కొలవాలంటే మూడు వారాలు నానాలి కదా సార్, ఎనిమిది రోజుల్లో ఎలా నానుతుంది అన్నాను.

ఆయన లేచి ల్యాబు వెనక తలుపు తీశారు. అక్కడ వెచ్చటి నీళ్ల తొట్టి ఒకటి గుర్రుమంటోంది. అందులో పన్నెండు నైలాను ముక్కలు, ఒక్కొక్కదానికీ దారం కట్టి నంబరు చీటీ. తొట్టి మీద అతికించిన కాగితంలో ప్రతి పొద్దునా ఒక్కో ముక్క ఎంత బరువుందో వరసగా రాసి ఉంది. మూడు రోజులుగా బరువు పెరగలేదు. అంటే నిండా నానిపోయాయి. కాగితం పైన మొదటి తేదీ చూశాను. ఒకటో తారీఖు. నేను నీలం బొమ్మ పట్టుకొచ్చిన రోజు.

"మొదటిరోజే నానబెట్టారా? మరి నన్నెందుకు సార్ ఇన్నాళ్లు తిప్పారు?"

"నేనే తప్పు కొలిస్తే? బయట ఇంకెవరైనా కొలిచింది దొరికితే సరిచూసుకోవచ్చు కదా."

"ముందే చెప్పొచ్చుగా."

"చెబితే వెతికేదానివా? నా మాట పట్టుకుని రాసేసేదానివి. అప్పుడు ఆ ఏడు వెబ్‌సైట్లకీ నాకూ తేడా ఏముందమ్మా?"

నిజమే. వెతికేదాన్ని కాదు. మర్నాడు పన్నెండు ముక్కల్నీ మిషను మీద వంచి కొలిచాం. సగటున ఎనిమిది వందల నలభై వచ్చింది, అటూ ఇటూ నలభై. మూడు వేలెక్కడ, ఎనిమిది వందలెక్కడ. ఆ అంకె కంప్యూటర్లో వేసి అదే మనిషిని అదే కుర్చీ మీద కూర్చోబెట్టాను. ముందు కాళ్లు రెండూ పక్కలకి జారాయి. బ్రాకెట్లు ఎర్రబడ్డాయి. తడి నేల మీద, ఒంటినిండా సబ్బుతో, లేచి నిలబడే ఓపికలేని ఓ పెద్దావిడ ఆ కుర్చీలో కూర్చుని ఉంటే ఏమయ్యేదో చూపించడానికి బొమ్మ అక్కర్లేదు. ఒకటో తారీఖునే దాని మీద ఆయన సంతకం పెట్టించుకుందామని వెళ్లాను. ఆ పూట నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఎవరైనా రెండు చివాట్లు పెడితే బాగుండనిపించింది.

బ్రాకెట్లు మందంగా మార్చి, వెనక ఆనుడు పట్టీలు కలిపి, మళ్లీ లెక్కలు వేసేసరికి ఇరవై ఎనిమిదో తారీఖు వచ్చింది. ఎక్కడిదిగారు సంతకం పెట్టారు. ఒకటో తారీఖున వెళ్లాల్సిన రిపోర్టు అది. ఈలోగా కుర్చీలు కొనేవాళ్లు మా మేనేజరుని ఫోన్‌లో కడిగేశారు. ఆయన నన్ను కడగడానికి ముప్ఫయ్యో తారీఖు దాకా ఆగాడు.

ముప్ఫయ్యో తారీఖు పొద్దున నన్ను చిన్న గదిలోకి పిలిచారు. ఒక పక్క మేనేజరు, ఇంకో పక్క హెచ్చార్ మేడమ్. మేనేజరు పెన్ను టిక్కుటిక్కుమనిపిస్తూ, ఇరవై ఏడు రోజులు ఆలస్యం అన్నాడు. పాత కంపెనీ వాళ్లు ఈ అమ్మాయికి తొందరెక్కువ అని రాశారు, ఇక్కడేమో నత్తనడక, ఏం చెయ్యమంటారు మేడమ్, నేనైతే పదికి నాలుగేశాను అన్నాడు. నేను తల దించుకున్నాను. అమ్మకి ఎలా చెప్పాలా అని మాటలు వెతుక్కుంటున్నాను. నాలుగు అంతస్తులకి నాలుగు రకాలుగా చెప్పాలేమో.

హెచ్చార్ మేడమ్ నెమ్మదిగా, పై అధికారి కాగితాలు కూడా వచ్చాయి, చూశారా సార్ అంది. మా కంపెనీలో కొత్తవాళ్లకి పై అధికారి కూడా పదికి ఇన్ని అని మార్కు వెయ్యాలి. ఎవరైనా నిలబడి నిమిషంలో వేసి పడేస్తారు. మేడమ్ బల్ల మీద పెట్టింది మాత్రం ఓ దొంతర. ఫారం మీద ఎక్కడిదిగారి గుండ్రటి చేతిరాతలో "తొమ్మిది" అని ఉంది. దాని పక్కన ఆయనే స్కేలు పెట్టి ఓ గడి గీశారు. గడిపైన "ఆధారం". లోపల "జతచేసిన పదకొండు పేజీలు చూడండి."

ఆ పదకొండూ చదవాలా అన్నాడు మేనేజరు. నేను చదివేశాను సార్, కొన్ని వినిపిస్తాను అని మేడమ్ కళ్లజోడు సవరించుకుంది.

"ఐదో తారీఖు. పొద్దున పదకొండింటికి వచ్చి, నిన్న చెప్పిన లెక్కలో తప్పుందని తనే చెప్పింది. నేను అడగలేదు. నాకు తెలియను కూడా తెలియదు."

"ఎనిమిదో తారీఖు. భోజనాల గదిలో నేను వెనక బల్ల దగ్గరున్నానని తెలియక నన్ను రాతిమనిషి అని తిట్టింది. సాయంత్రం నా ఎదురుగా వచ్చి అదే మాట అంది. మొత్తం రెండుసార్లు. మాట మీద నిలబడే మనిషి."

నాకు భూమిలోకి వెళ్లిపోవాలనిపించింది. మేడమ్ పెదవులు బిగబట్టి పేజీ తిప్పింది.

"ఇరవై రెండో తారీఖు. అంకె దొరకలేదు. తనే ఒకటి వేసేసినా పట్టుకోగలిగే ఆధారం నా దగ్గర లేదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. వెయ్యలేదు."

మేనేజరు పెన్ను చప్పుడు ఆగింది. మేడమ్ చివరి పేజీ తీసింది.

"రిపోర్టు ఒకటో తారీఖునే నా బల్ల మీదికి వచ్చింది. ఆపింది నేను. ఆలస్యం ఇరవై ఏడు రోజులు. ఇరవై ఏడూ నావి. ఇందులో రాసినవన్నీ నేను స్వయంగా చూసినవి, విన్నవి. వేరేవాళ్లు చెప్పినవి రాయలేదు."

మేడమ్ కళ్లజోడు తీసి, ఎంతో మెత్తగా, "మీ నాలుగుకి ఆధారం ఏమన్నా ఉందా సార్?" అని అడిగింది. మేనేజరు నాలుగు వంక చూశాడు, పదకొండు పేజీల వంక చూశాడు, ఫారం వెనక్కి తీసుకుని ఆ నాలుగు కొట్టేశాడు. పది నిమిషాల్లో నా ఉద్యోగం నాదయింది.

బయటికొచ్చాక మేడమ్ నన్ను తన గదికి తీసుకెళ్లి, ఓ బీరువా తలుపు తీసి చూపించింది. ఒక అర నిండా దొంతరలు. పంతొమ్మిదేళ్లలో ఎక్కడిదిగారి కింద పనిచేసిన కొత్తవాళ్లందరికీ ఒక్కోటి. కొందరికి ఏడు, కొందరికి ఎనిమిది, ఒకాయనకి ఐదున్నర. ఒక్కదానికీ ఆధారం లేకుండా లేదు. ఓ మనిషి బతుకుని తేల్చే అంకె ఉత్తచేతులతో వేస్తే ఆయనకి ముద్ద దిగదమ్మా అంది మేడమ్. ఆ నల్ల అట్ట పుస్తకంలో ఆయన నా తప్పులే రాసుకుంటున్నారని మూడు వారాలు తిట్టుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ల్యాబుకి వెళ్లాను. ఎక్కడిదిగారు తొట్టిలోంచి ముక్కలు తీసి తుడుస్తున్నారు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఆ పేజీలు విన్నాను సార్ అన్నాను.

"తప్పులేమన్నా ఉన్నాయా?" అని అడిగారాయన, తల ఎత్తకుండా.

"ఒకటుంది సార్. ఎనిమిదో తారీఖున మిమ్మల్ని తిట్టింది రెండుసార్లు కాదు. మూడుసార్లు. ఇంటికెళుతూ బస్సులో ఇంకోసారి తిట్టాను."

ఆయన వెంటనే చేతులు తుడుచుకుని, సొరుగులోంచి తన కాపీ తీశారు.

"బస్సులో ఎవరు విన్నారు?"

"ఎవరూ వినలేదు సార్. మనసులో తిట్టాను."

ఆయన చాలాసేపు ఆలోచించారు. అయితే కుదరదమ్మా అంటారనే అనుకున్నాను. పెన్ను మూత తీసి, రెండు కొట్టేసి, మూడు అని వేసి, పక్కన "ఆమే చెప్పింది" అని రాశారు. ఆయన దగ్గర ఆరేళ్లు పనిచేశాను. మరొకరి ఉత్త మాట మీద ఆయన ఒక అంకె రాసుకోగా నేను చూసింది ఆ ఒక్కసారే. కాగితం నావైపు తిప్పి, సంతకం పెట్టమన్నారు. పెట్టాను. కళ్లు తుడుచుకుంటూ గుమ్మం దాకా వెళ్లాక, తారీఖు వెయ్యలేదని వెనక్కి పిలిచారు.